మిద్దె మీద చేపలు, రాళ్ళలో తోటకూర

పోయిన రెండు మూడు నెలలుగా మన వీధుల్లో ఒకే మాట వినబడుతోంది. చేపల తొట్టి నీళ్ళతో ఆకుకూరలు పండిస్తారంట, మట్టే అక్కర లేదంట, నిజమేనా అని. పేరు కూడా నోరు తిరగనిది, ఆక్వాపోనిక్స్. గాంధీపురంలో మా ఇంటి వెనక సందులో నేను ఇది పెట్టి రెండేళ్ళు దాటింది. చూసి పోయేవాళ్ళు ఎక్కువైపోయినారు. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పేదాని కంటే మన పత్రికలోనే రాస్తే అందరికీ చేరుతుందని సంపాదకులు అన్నారు. ముప్పై ఏళ్ళు స్పిన్నింగులో నిలబడిన మనిషిని, నా చదువు ఐదో తరగతి. పుస్తకం భాష నాకు రాదు, నేను మాట్లాడేటట్టే రాస్తాను.

సంగతి ఇంతే. చేప మేత తింటుంది, రెట్ట వేస్తుంది. ఆ నీళ్ళు అట్లాగే వదిలేస్తే అమోనియా చేరి చేప చస్తుంది. అదే నీళ్ళను ఒక చిన్న మోటారుతో ఎత్తి, గులకరాళ్ళు నింపిన తొట్టిలో పోస్తే, ఆ రాళ్ళ మీద కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. ఒక జాతి అమోనియాను నైట్రైట్ చేస్తుంది, ఇంకో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. నైట్రైట్ కూడా చేపకు విషమే. నైట్రేట్ మాత్రం మొక్కకు ఎరువు. మొక్క దాన్ని తాగేస్తుంది, శుభ్రమైన నీళ్ళు కిందికి చేపకే చేరుతాయి. మన మిల్లులో కార్డింగు, డ్రాయింగు, సింప్లెక్సు, రింగు ఫ్రేము లాగా ఒకరి పని ఇంకొకరికి దూది అందిస్తుంది. మధ్యలో ఒక సెక్షను ఆగిందంటే వెనకది పేరుకుపోతుంది, ముందరిది ఖాళీగా నిలబడుతుంది. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే సగం పని అయినట్టే.

ఇది నిన్న మొన్న పుట్టిందేం కాదు. వరి మడిలో చేపలు వదిలే అలవాటు చైనాలో, మన తూర్పు రాష్ట్రాల్లో తరతరాలుగా ఉంది. తొట్లలో పెట్టి లెక్కగా చేసి చూపించినవాళ్ళలో పెద్ద పేరు జేమ్స్ రకోసీది. కరీబియన్ సముద్రంలోని వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయంలో ఆయన 1980 నుంచి దాదాపు ముప్పై ఏళ్ళు తిలాపియా చేపలతో, ఆకుకూరలతో ఇదే పని చేసినాడు. ఆ దీవుల్లో మంచి నీళ్ళు తక్కువ, నేల తక్కువ. మన కథే గదా! ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2014లో చిన్న ఇళ్ళవాళ్ళ కోసమని దీని మీద ఒక పెద్ద పుస్తకమే వేసింది. కింద నేను చెప్పే కొలతలు చాలా మటుకు అందులోవే, మా అల్లుడు చదివి చెప్పినాడు. మన చేతికి వచ్చేటట్టు వాటిని డ్రమ్ముల లెక్కలోకి మార్చుకున్నాను.

మొదట అడగాల్సింది చేప ఏది, మొక్క ఏది అని కాదు. ఎక్కడ పెడతావు అనేదే మొదటి ప్రశ్న. ఎందుకంటే బరువు. నేను చెప్పే చిన్న ఏర్పాటుకి 200 లీటర్ల డ్రమ్ములు రెండు కావాలి. ఒకటి చేపలకు. ఇంకోదాన్ని నిలువుగా రెండు చెక్కలు చేస్తే రెండు రాళ్ళ తొట్లు అవుతాయి. చేపల డ్రమ్ములో 180 లీటర్ల నీళ్ళు, అంటే 180 కిలోలు. ఒక్కో సగం తొట్టిలో 150 కిలోల రాళ్ళు, వాటి సందుల్లో 35 లీటర్ల నీళ్ళు. అంతా కూడితే 550 కిలోలు. మన లెక్కలో మూడు దూది బేళ్ళకు పైగా! మూడు బేళ్ళు తెచ్చి మీ మిద్దె మధ్యలో దించుతారా? ఆలోచించుకోండి.

మన పాత లైను ఇళ్ళు ఎక్కువ మంగళూరు పెంకువి, కొన్ని పాత మద్రాసు మిద్దెలు. పెంకుటింటి మీద మాట ఎత్తనే వద్దు. పాత మద్రాసు మిద్దె మీద కూడా వద్దనే నేను చెబుతాను, కింద చెక్క దూలాలు ఎంత చెదలు తిన్నాయో పైనుంచి ఎవరికి తెలుసు? కాంక్రీటు మిద్దె అయితే నడి మధ్యలో కాకుండా కింద గోడ గానీ బీము గానీ ఉన్న చోట పెట్టాలి. కట్టిన మేస్త్రీని ఒక మాట అడగాలి. అద్దె ఇంటివాళ్ళు ఇంటి యజమాని ఒప్పుకుంటేనే మొదలుపెట్టండి. అన్నిటికన్నా మేలు నేల మీద, వెనక సందులో, పొద్దున నాలుగైదు గంటలు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ వచ్చే చోటు. నేల మీద అయితే చేపల డ్రమ్మును సగానికి పూడ్చుకోవచ్చు. అప్పుడు రాళ్ళ తొట్లను ఇటుకల దిమ్మె మీద తక్కువ ఎత్తులో పెట్టినా నీళ్ళు వాటంతట అవే డ్రమ్ములోకి జారుతాయి. మిద్దె మీద అయితే యాంగిల్ ఇనుముతో స్టాండు వెల్డింగు చేయించాల్సిందే.

పూడ్చిన డ్రమ్ముకు గట్టి మూత, మూతకు కొక్కెం తప్పనిసరి. ఇది చేపల కోసం చెప్పేది కాదు, మన ఇళ్ళలో నడక నేర్చే పిల్లలు ఉంటారు. రెండడుగుల నీళ్ళు చాలు ప్రాణం పోవడానికి. మూతలో గాలికి కన్నాలు పెట్టి పైన వల కట్టండి. పిల్లి, కాకి, ఎగిరి పడే చేప మూడిటికీ అదే మందు.

ఇంక డ్రమ్ము. ఈ ఊర్లో, తిరుప్పూరు దారిలో నీలం డ్రమ్ములు చవకగా దొరుకుతాయి. అందులో ఏముండేదో అడిగి కొనండి. ప్రాసెసింగులో పని చేసినవాళ్ళకు నేను చెప్పక్కరలేదు, రంగులు, కాస్టిక్కు, పెరాక్సైడు, ఫిక్సింగు మందులు అన్నీ ఆ నీలం డ్రమ్ముల్లోనే వస్తాయి. ఎంత కడిగినా ప్లాస్టిక్కు పీల్చుకున్నది పోదు. నొయ్యల్ ఏటికి ఏమయిందో మనమే చూసినాము, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు డైయింగులను మూయమనేదాకా పోయింది. ఆ నీళ్ళ మిగులునే కొని తెచ్చి మన తోటకూరకు పోస్తామా? నూనె, పండ్ల రసం, బెల్లం పాకం లాంటి తినే సరుకు వచ్చిన డ్రమ్ము తీసుకోండి. వంద రూపాయలు ఎక్కువైనా ఫరవా లేదు.

రాళ్ళ సంగతి. ముప్పావు ఇంచి జల్లి గానీ, నున్నటి గులకరాయి గానీ సరిపోతుంది. రాళ్ళు అడుగు లోతు ఉండాలి. నిలువుగా కోసిన డ్రమ్ము లోతు దాదాపు అంతే ఉంటుంది, అందుకే ఈ డ్రమ్ము పద్ధతి నాకు నచ్చింది. రాయి సున్నపురాయి కాకూడదు. మదుక్కరైలో సిమెంటు ఫ్యాక్టరీ ఎందుకు వచ్చింది? అక్కడ సున్నపురాయి ఉంది గనక. ఆ పక్క నుంచి వచ్చిన జల్లిలో అది కలిసి ఉండొచ్చు. నాలుగు రాళ్ళు గిన్నెలో వేసి వినెగరు పోయండి. బుసబుస పొంగితే ఆ లోడు వద్దు. పొంగకపోతే తెచ్చి, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. ఈ కడిగే పనిలో నడుము పోతుంది, ఇంట్లో కుర్రవాళ్ళుంటే వాళ్ళను పిలవండి.

నీళ్ళ దగ్గర మన ఊరిది ఒక విచిత్రమైన వాటం. శిరువాణి నీళ్ళు మెత్తటివి, బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. మంచి నీళ్ళు మేలు గదా అని అందరూ శిరువాణి నీళ్ళే పోయాలనుకుంటారు. అక్కడ రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, కొళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అది చేపకూ చేటు, మనం పెంచాలనుకునే సూక్ష్మజీవులకూ చేటు. మూత తీసి రెండు రోజులు నిలవబెడితే పోతుంది. రెండోది, ఆ సూక్ష్మజీవులు పని చేసే కొద్దీ నీళ్ళలో పులుపు పెరుగుతుంది, అంటే పీహెచ్ తగ్గుతుంది. మెత్తటి నీళ్ళు ఆ పులుపును తట్టుకోలేవు, గబుక్కున దిగిపోతాయి. పీహెచ్ 6 కంటే కిందికి పోతే సూక్ష్మజీవులు చేతులెత్తేస్తాయి. బోరు నీళ్ళలో ఉన్న సున్నం ఆ పులుపును విరగదీస్తుంది. కానీ ఒట్టి బోరు నీళ్ళే అయితే పీహెచ్ 8 దగ్గర కూర్చుంటుంది, అప్పుడు మొక్కకు ఇనుము అందక లేత ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా అయిపోతాయి. అందుకే నేను మూడు వంతులు శిరువాణి, ఒక వంతు బోరు కలుపుతాను. మీ వీధి బోరు వేరే రకంగా ఉండొచ్చు, కొలిచి చూసుకోండి. 6.5 నుంచి 7 మధ్య ఉంటే చేప, మొక్క, సూక్ష్మజీవి ముగ్గురికీ ఒప్పుదల.

ఎన్ని నీళ్ళు కావాలని ఆడవాళ్ళు మొదట అడిగేది ఇదే. కొళాయి ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసలో పెట్టి చూసేవాళ్ళు వాళ్ళే గనక. ఒకసారి నింపినాక పారబోసేది లేదు. ఎండకు ఆవిరయ్యేది, మొక్క తాగేది అంతే తగ్గుతుంది, మా ఇంట్లో రోజుకు ఐదారు లీటర్లు, ఎండాకాలంలో ఎనిమిది. మట్టిలో అదే కూరకు పోసే నీళ్ళలో పదో వంతు చాలని లెక్క చెబుతారు.

ఇప్పుడు ఓపిక కావాల్సిన భాగం. అంతా అమర్చి, మోటారు తిప్పి, ఆ సాయంత్రమే ఉక్కడం పోయి పాతిక చేపలు తెచ్చి వదిలేవాళ్ళు ఉన్నారు. వారం తిరక్కుండా అన్నీ వెల్లకిలా తేలుతాయి. చేపలు రోగంవి అని అమ్మినవాణ్ణి తిడతారు. రోగం కాదు, రాళ్ళ మీద ఇంకా పనివాళ్ళు చేరలేదు. ఆ సూక్ష్మజీవులు నిండుగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ మూడో నాలుగో చిన్న చేపలే, చిటికెడు మేతే. ఎవరింట్లోనైనా బాగా నడుస్తున్న తొట్టి ఉంటే దాని లోపలి నుంచి రెండు దోసిళ్ళ రాళ్ళు తెచ్చి కలపండి, పాలలో తోడు వేసినట్టు పనికి వస్తుంది. అలంకార చేపల అంగడిలో అమోనియా చూసే చిన్న పెట్టె అమ్ముతారు. గొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వేస్తే రంగు మారుతుంది. మొదట అమోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్, ఆ రెండూ దిగి సున్నా దగ్గరకు వచ్చినాక మిగతా చేపలు తెచ్చుకోవచ్చు. ఆ పెట్టె ఇంటికొకటి అక్కర లేదు, నాలుగిళ్ళు కలిసి ఒకటి కొనండి.

చేపలు ఏవి? మాంసం తినని ఇళ్ళవాళ్ళు, మనలో చాలామంది ఉన్నారు, గోల్డ్ ఫిష్ పెంచుకోండి. పెంట అవీ బాగానే వేస్తాయి, తోటకూరకు ఆ తేడా తెలియదు. తినేవాళ్ళకు తిలాపియా. ఇక్కడ జిలేబి అంటారు, ఈ దేశానికి వచ్చింది 1952లో. తొట్టి బతుకుకు, వేడికి, కొంచెం చెడ్డ నీళ్ళకు ఓర్చుకునే చేప అది. గిఫ్ట్ తిలాపియా అని మేలు రకం ఉంది, త్వరగా పెరుగుతుంది. అయితే తిలాపియాను అమ్మకానికి పెంచాలంటే మత్స్యశాఖ అనుమతి కావాలి. మిగిలిపోయినాయని ఏ చెరువులోనూ వదలొద్దు, పిల్లల మీద పిల్లలు పెట్టి ఊరి చేపలకు చోటు లేకుండా చేస్తుంది. ఇంకొకటి, ఆఫ్రికా వాలగ అని చవకగా ఇస్తామని వస్తారు. దాని పెంపకం మన దేశంలో 2000 నుంచే నిషేధం. రోహు, కట్ల పిల్లలు ఆళియార్, భవానీసాగర్ సర్కారు చేపపిల్లల కేంద్రాల్లో దొరుకుతాయి గానీ అవి పెద్ద చెరువు చేపలు, డ్రమ్ములో ముడుచుకొని ఉంటాయి, పెరగవు.

180 లీటర్లలో పెద్దవయ్యాక రెండు కిలోలకు మించి చేప ఉండకూడదు. అంటే పావు కిలో చేపలు ఎనిమిది. మంది ఎక్కువైతే మేత ఎక్కువ, మేత ఎక్కువైతే పెంట ఎక్కువ, రాళ్ళు మోయలేవు. రెండు కిలోల చేపకు రోజుకు 40 గ్రాముల మేత. రెండు సగం డ్రమ్ముల పైభాగం కలిపితే ఒక చదరపు మీటరు అవుతుంది, ఆకుకూరలకు చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత నుంచి వచ్చే ఎరువే సరిపోతుందని ఆ పుస్తకం లెక్క. చేపకు, మొక్కకు తూకం కుదిరింది చూడండి. తేలే గుళికలు వేయండి, ఐదు నిమిషాల్లో తిన్నంతే. మిగిలిన ఇడ్లీ, చద్దన్నం వేయడం పుణ్యం కాదు, నీళ్ళు చెడతాయి.

మొక్కల్లో మొదటి ఏడాది ఆకుకూరలే పెట్టండి. తోటకూర, పాలకూర, బచ్చలి, పుదీనా, కొత్తిమీర. తోటకూర నెలలోపు కోతకు వస్తుంది. పుదీనా కొమ్మ గుచ్చితే చాలు, తర్వాత పీకేయాలన్నా పోదు. టమాటా, మిరప, వంగ ఎక్కువ తిండి అడుగుతాయి, అవి రెండో ఏడాదికి. ముల్లంగి, క్యారెట్టు రాళ్ళలో వంకర తిరుగుతాయి. పురుగు పడితే మందు కొట్టకూడదు. వేపనూనె కూడా వద్దు, ఆకు మీద నుంచి జారి చేపకు తగులుతుంది. చేతితో ఏరాలి, నీళ్ళ ధారతో పేను కడగాలి, పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీయాలి. ఎరువు అని యూరియా వేసేవాళ్ళను కూడా చూసినాను, అది వేసిన రాత్రే చేపలకు ఆఖరి రాత్రి.

మోటారు 18 వాట్లది చాలు, ఆరడుగులు నీళ్ళు ఎత్తేదిగా చూసుకోండి. గంటకోసారి డ్రమ్ము నీళ్ళన్నీ రాళ్ళ మీదుగా తిరగాలి. రాత్రీ పగలూ తిరిగినా నెలకు 13 యూనిట్లు. గాలి బుడగల పంపు 5 వాట్లది ఇంకో మూడున్నర. రెండు నెలల బిల్లులో 33 యూనిట్లు. మనకు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం, అందులో మూడో వంతు ఇది తింటుందని తెలిసి మొదలుపెట్టండి. నీళ్ళలో కరెంటు అంటే ఆట కాదు. ఈఎల్‌సీబీ లేని లైనుకు తగిలించొద్దు. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ ఉండాలి, వైరు ప్లగ్గు కంటే కిందికి వంగి మళ్ళీ పైకెక్కాలి, అప్పుడు వైరు వెంట జారే నీటి చుక్క అక్కడే రాలుతుంది. డ్రమ్ములో చెయ్యి పెట్టే ముందు స్విచ్చి తీయండి. మన వీధుల్లో రిటైరయిన మిల్లు ఎలక్ట్రీషియన్లకు కొదవ లేదు, ఒక కాఫీ ఇచ్చి చూపించుకోండి.

కరెంటు పోతే? 2012లో రోజుకు పన్నెండు గంటలకు పైగా పోయిన రోజులు ఎవరు మరిచినారు. ఇప్పుడు అంత లేదు గానీ నెలకొకసారి మరమ్మతు కోతలు పొద్దున నుంచి సాయంత్రం దాకా ఉంటాయి. చేపలు తక్కువగా ఉంటే రెండు గంటలు తట్టుకుంటాయి. పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయంటే ఊపిరి ఆడటం లేదని. అప్పుడు చెంబుతో నీళ్ళు తోడి మూడడుగుల ఎత్తు నుంచి ధారగా పోస్తూ ఉండండి, గాలి కలుస్తుంది. బ్యాటరీ గాలి పంపు ఒకటి కొని పెట్టుకుంటే ఊరికి పోయినప్పుడు కూడా నిమ్మళం. కోత రోజు మేత వేయొద్దు.

నాకు మొత్తం ఖర్చు, స్టాండు లేకుండా, ఆరు వేలలోపే అయింది. అందులో వెయ్యి మోటారు, గాలి పంపులది. వచ్చేది? వారానికి మూడు నాలుగు కట్టల ఆకుకూర, పుదీనా అడిగినప్పుడల్లా, ఎనిమిది నెలలకొకసారి రెండు పూటల చేపల పులుసు. అంతే. మేత, కరెంటు తీస్తే మిగిలేది పెద్ద డబ్బు కాదు. మందు కొట్టని కూర పిల్లల కంచంలో పడుతుంది, అది నిజం. ఇంకో నిజం, షిఫ్టు సైరను లేని పొద్దులు ఎట్లా గడపాలో తెలియని మాలాంటివాళ్ళకు ఇది ఒక డ్యూటీ.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, లక్ష కట్టండి, తొట్లు మేమే పెడతాము, చేపలు మేమే కొంటాము, నెలనెలా ఇంత ఇస్తామని కాగితాలు పట్టుకొని తిరిగేవాళ్ళు మన సెటిల్మెంట్లకు కూడా వచ్చేస్తున్నారు. గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బు ఏ ఇంట్లో ఉందో వాళ్ళకు బాగా తెలుసు. పెరుందురై ఈమూ పక్షుల కథ మరిచిపోవద్దు, 2012లో అది కూలినప్పుడు కొంగు నాట ఎన్ని ఇళ్ళు కూలినాయో! పక్షి మంచిదే, చేప మంచిదే. అమ్మినవాడే తిరిగి కొంటానంటే అక్కడ సంత లేదని అర్థం. నిజంగా పెద్దగా చేయాలనుకునేవాళ్ళు జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకు పోయి అడగండి. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద పథకంలో పెరటి చేపల తొట్లకు, అలంకార చేపల పెంపకానికి సబ్సిడీ పెట్టినారు, మామూలువాళ్ళకు 40 శాతం, ఆడవాళ్ళకు, షెడ్యూల్డు కులాల, తెగలవాళ్ళకు 60 శాతం. ఇంట్లో ఆడమనిషి పేరు మీద అర్జీ పెట్టడం మేలని వేరే చెప్పాలా!

మొదలుపెట్టేదానికి మంచి కాలం ఆడి నెల దాటినాక. ఎండ తగ్గి ఉంటుంది, నీళ్ళు 32 డిగ్రీలు దాటవు. చిత్తిరై ఎండల్లో మొదలుపెడితే వేడి నీళ్ళలో గాలి నిలవక మొదటి నెలే కష్టం. అప్పటిదాకా డ్రమ్ములు వెతకండి, రాళ్ళు కడగండి. తోడుకు రాళ్ళు కావాలన్నవాళ్ళు మా ఇంటికి గిన్నె తెచ్చుకోండి, తడి ఆరకుండా అదే పూట తీసుకుపోయి వేసుకోవాలి.